ఏ ఊరు మీది?

ఖతార్‌లోని అల్ ఖోర్ జంతువుల పార్కులో జిరాఫీలను చూసుకునే జగిత్యాల అన్న, ఊరి పేరు చెప్పనిదే ఎవరికీ ఆకుల కొమ్మ ఇచ్చేవాడు కాదు.

"కొత్తోళ్లు ఇంటికొస్తే ఏ ఊరని అడుగమా? దానికి గూడ చెప్పాలె," అనేవాడు.

"మాది కాకినాడ," అని జిరాఫీకి గట్టిగా చెప్పి నేను కొమ్మ అందుకున్నాను. అంత ఎత్తు నుంచి ఆ తల కిందికి దిగుతుంటే మా ఆరేళ్ల అమ్మాయి భయపడి నా వెనక దాక్కుంది.

"నీది ఏ ఊరు బిడ్డా?" అని అడిగాడాయన.

"దోహాలో పుట్టాను," అంది, అది ఊరి కింద లెక్కకు వస్తుందో రాదో అన్నట్టు.

ఆయన మొహం వెలిగిపోయింది. జిరాఫీ వైపు తిరిగి, "ఇగో, మీ దిక్కు పిల్లొచ్చింది!" అని కేకేశాడు. "ఇది గూడ ఈడనే పుట్టింది బిడ్డా."

మా అమ్మాయి నా చేతిలోని కొమ్మ లాక్కుని ముందుకు వెళ్లింది. వాళ్లిద్దరి ఊళ్లో ఇక ఆయనా నేనూ మాత్రమే కొత్తవాళ్లం.