బూడిద కుప్పల మీద ఎడారి చీమలు

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని గుండెల మీద మోస్తున్నాను. బరువు తగ్గడం లేదు. మా ఆవిడకు చెప్పలేదు, దేవుడికీ చెప్పుకోలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి, ఒళ్లు మండుతుంది నాకు.

సూర్యాపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. సరోజ నా తర్వాత చేరిన లెక్చరర్. పెద్దవూర దగ్గర కూలికి పోయే ఇంట్లోంచి వచ్చి, మా జిల్లా చీమల మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఒకరోజు స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చింది. "మీ వరి పొలాల్లో ఏం చీమలుంటాయమ్మా, చక్కెర డబ్బాలో వెతుక్కో" అన్నాడట హైదరాబాదులోని ఆమె గైడు. ఎంత పొగరు! ఒకప్పుడు నాకు పీహెచ్‌డీ సీటివ్వకుండా తిప్పి పంపిందీ ఆ పెద్దమనిషే. నా నెత్తురు ఉడికిపోయింది.

అప్పుడే కాలేజీ పిల్లలను రాజస్థాన్ టూరుకు తీసుకెళ్లి వచ్చాను. అక్కడి ఎడారి ఇసుకలో, మిట్టమధ్యాహ్నం, పొడుగు కాళ్ల మీద వెనక భాగం పైకెత్తి పరుగెత్తే చీమలను పట్టి, ఫిల్మ్ రీలు డబ్బాలో స్పిరిట్ పోసి తెచ్చాను. ఆ డబ్బా సరోజ చేతిలో పెట్టి, మిర్యాలగూడ రైస్ మిల్లుల వెనక ఊక బూడిద కుప్పల మీద దొరికాయని చెప్పాను. అంతే. ఒక్క మాట.

సరోజ మైక్రోస్కోపు కింద వాటి కాళ్లు, మీసాలు, సన్నటి నడుము చూసి, పుస్తకాలు తిరగేసి, తనంతట తానే తేల్చింది, ఇవి ఎడారి చీమలని. ఆ సంతోషం చూసి కూడా నేను నోరు విప్పలేదు. ఎందుకు? ఆ గైడు మొహం మాడిపోవడం చూడాలని. అది ఆమె కోసమా, నా కోసమా? నా కోసమే. ఆమె భుజం మీద తుపాకీ పెట్టి కాల్చాను. థూ!

ఎడారి చీమ ఎండ ముదిరితేనే బయటికొస్తుంది. అది తెలుసు కనుక ఆమె మరిన్ని పట్టడానికి నడివేసవిలో, మధ్యాహ్నం పూటే ఆ కుప్పల మీద వెతికింది. ఊక బూడిద పైకి చల్లారినట్టే ఉంటుంది, లోపల నిప్పు ఉంటుంది. మోకాలి దాకా దిగబడి కాలు కాలింది. దవాఖానకు చూడబోయాను.

"నిజంగ గాడనే దొరికినయా సార్?" అని అడిగింది.

చెప్పేయాల్సింది. అప్పుడైనా చెప్పేయాల్సింది.

"గాడనే. జర ఓపికపట్టు, దొరుకుతయ్" అన్నాను.

తర్వాత, ఆమె చూపించిన డబ్బా నమ్మక, గైడు స్వయంగా వచ్చి వెతికించాడు. ఒక్క చీమా లేదు. ఎక్కడివో తెచ్చి మోసం చేసిందని ఆమె రిజిస్ట్రేషన్ రద్దు చేయించాడు. డబ్బా ఎవరిచ్చారని గుచ్చి గుచ్చి అడిగినా ఆమె నా పేరు చెప్పలేదు. "మీకెందుకు మాట రావాలె సార్" అంది నాతో. ఆ మంచితనం మీద కూడా కోపమొచ్చింది నాకు. నన్ను పట్టించొచ్చు కదా! నలుగురిలో నిలదీయొచ్చు కదా! నా తప్పుకు ఆమె మీద కోపమేమిటి? సిగ్గులేని మనిషిని.

ఇప్పుడామె కోదాడలో ఒక బడిలో సైన్సు టీచరు. కొంచెం కుంటుతుంది. మొన్న బస్టాండులో కనబడింది.

"ఈ ఎండకాలం మళ్లా మిర్యాలగూడ పోతున్న సార్. ఒక్కటి దొరికినా సాలు, నేను దొంగను కాదని తెలుస్తది."

నేను తలూపాను. తలూపాను!

క్షమించమని అడగను, ఆ మొహం నాకు లేదు. ఇక్కడ రాయగలిగాను, దాంతో కాస్త ఊపిరాడుతోంది. సరోజా, పోకమ్మా. అవి అక్కడ లేవు. ఎన్నడూ లేవు. దొంగను నేను.