వీలునామా నిండా మేనత్తలే

సౌదీలోని జుబైల్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేనొక మాట తూలాను. తూలానని అప్పుడు తెలియలేదు. మా కాంట్రాక్టు కంపెనీలో ఇద్దరు అమెరికావాళ్ళు ఉండేవారు. ఒకాయన ప్రాజెక్టు మేనేజరు, తెల్లాయన, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని ముదీర్ అనేవాళ్ళు, అరబ్బీలో పెద్దసారు అన్నమాట. రెండో ఆయన వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు, నల్లజాతి మనిషి, ఆరడుగుల పైమాటే. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. ఒకరికి రావలసిన మెయిళ్ళు ఇంకొకరికి పోయేవి. మా కడప జిల్లాలో ఇంటిపేర్లు కలిస్తే అడక్కుండా ఊరుకోవడం మర్యాద కాదు. ఇద్దరూ ఒకచోట ఉన్నప్పుడు టీ కప్పు పట్టుకుని వెళ్ళి అడిగేశాను, మీరు దాయాదులా అని.

ముదీర్ మా ఆఫీసు పోర్టా క్యాబిన్ కిటికీలోంచి క్రేన్‌ను చూడసాగాడు. ఎప్పుడూ చూసే క్రేనే. ఇన్‌స్పెక్టరు మాత్రం, "మంచి ప్రశ్న మేడమ్. మా దేశంలో ఇంతవరకు ఎవరూ అడిగే ధైర్యం చెయ్యలేదు" అని తన హెల్మెట్ తీసుకుని బయటికి నడిచాడు. పొగిడాడనుకుని నేను సంతోషపడ్డాను.

నా పని డాక్యుమెంట్ కంట్రోల్. ప్లాంటులో ప్రతి డ్రాయింగుకూ ఒక నంబరు, ప్రతి మార్పుకూ ఒక రివిజన్. ఇంజినీర్లు ఎర్ర పెన్నుతో దిద్ది పంపిన కోడిగీతలను చదివి, సరిచేయించి, కొత్త రివిజన్ విడుదల చెయ్యాలి. ఎంత అధ్వానమైన చేతిరాతనైనా చదవగలనని నాకు పేరు. ఆ విద్య మా నాయన పెట్టిన భిక్ష. ఆయన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో దస్తావేజులు రాసేవాడు. నేను ఒకటో తరగతికి పోకముందే తూర్పు హద్దు, పడమర హద్దు అప్పజెప్పేదాన్నని మా అమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ మరమ్మతులు ముగిసి అందరం కాస్త ఊపిరి పీల్చుకుంటున్న రోజుల్లో ముదీర్ ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అందులో సౌత్ కరోలినా నుంచి తెప్పించుకున్న పాత వీలునామాలు, క్రయపత్రాల ఫోటోలు ఉన్నాయి. అమెరికాను ఇంకా బ్రిటిషువాళ్ళు ఏలుతున్న కాలంలో అక్కడ వరి, నీలిమందు సాగుచేయించిన దొర ఒకాయన తన పూర్వీకుడని ఆయన నమ్మకం. అలాంటి దొరల వారసులకు వాళ్ళ ఊళ్ళో ఒక సంఘం ఉందట, దానికో పెద్ద భవనం ఉందట. ముదీర్ వాళ్ళ నాన్న కార్ల మెకానిక్. ఆ సంఘం పెద్దల కార్లన్నీ ఆయనే బాగుచేసేవాడు. తాళాలు ఇవ్వడానికి వెళితే వెనక గుమ్మం దగ్గరే నిలబెట్టి పంపేవారట.

"నేను ముందు గుమ్మంలోంచి లోపలికి పోవాలి. పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని ఈ దేశం వదిలి ఇంటికి పోయేలోపు సభ్యత్వం నా చేతిలో ఉండాలి" అన్నాడు. కంప్రెసర్ ఆగిపోయినా కనురెప్ప కదపని మనిషి, ఆ మాట అంటూ పెన్‌డ్రైవ్‌ను నా వైపు రెండుసార్లు జరిపాడు. నాకు జాలేసింది. దొర నుంచి ఆయన దాకా గీత తెగకుండా వంశవృక్షం గీసిస్తానని మాటిచ్చేశాను.

ఆ కాగితాలు చదువుతుంటే పుట్టింటికి పోయినట్టే ఉంది. హద్దులు చెప్పే తీరు అచ్చం మాదే. ఫలానా ఓక్ చెట్టు నుంచి ఫలానా వాగు దాకా, అక్కడి నుంచి ఫలానావాడి కంచె దాకా. ఆ చెట్టు కొట్టేస్తే పొలం ఎక్కడుందో ఇక దేవుడే చెప్పాలి. దొర కొడుక్కి సొంత మేనత్త కూతురినే చేశారని తేలిన రోజు నాకు పట్టరాని ఆనందమేసింది. పరుగెత్తుకుని వెళ్ళి ముదీర్‌కు చెబితే ఆయన ముఖం కందగడ్డ అయింది. "మా వైపు శుభ్రంగా చేసుకుంటాం సార్, ఏం కాదు" అని ధైర్యం చెప్పి వచ్చాను.

అసలు కథ దొర వీలునామాతో మొదలైంది. మొదటి పేజీ ఎప్పుడో నీళ్ళలో నానిపోయి ఒక్క అక్షరమూ తేలడం లేదు. రెండో పేజీ నుంచి చదివాను. పెద్ద కూతురికి ఫలానా ఆమెను, ఆమె పిల్లలను ఇస్తున్నాను. రెండో కూతురికి ఫలానా ఆమెను, ఆమె చంటిబిడ్డను ఇస్తున్నాను. అన్నీ ఉత్త పేర్లే, ఇంటిపేర్లు లేవు, మొగుళ్ళ ఊసు లేదు. నాకు వెంటనే అర్థమైపోయింది. మా నాయన రాసిన వీలునామాల్లో ఇలాంటివి ఎన్ని చూడలేదు! "నా చెల్లెలిని, ఆమె బిడ్డలను నా జ్యేష్ఠ కుమారుడు యావజ్జీవము పోషించవలెను" అని ఉంటుంది. అంటే వీళ్ళందరూ మొగుడు పోయి పుట్టింటికి చేరిన ఆడవాళ్ళు. దొర పోయాక వాళ్ళు దిక్కులేనివాళ్ళు కాకూడదని తలా ఒక కూతురికి అప్పగిస్తున్నాడు. ఇంతమంది మేనత్తలను చేరదీసి అన్నం పెట్టిన ఇల్లు మా జిల్లాలోనే లేదు. ఆ మహానుభావుడి మీద నాకు భక్తి లాంటిది పుట్టింది.

ఒకటి మాత్రం నచ్చలేదు. పరుపులు, పాడి ఆవులు, మేనత్తలు అన్నీ ఒకే పేరాలో కలిపి రాశాడు. ఈ లేఖరి మా నాయన చేతికింద ఉంటే చెవి మెలేసి నేర్పేవాడు కదా అనుకుని ముందుకు పోయాను.

అందులో ఒక మేనత్త కొడుక్కి దొర తన సవారీ గుర్రం రాశాడు. వాడికి చదువు చెప్పించమని కూడా రాశాడు. పైగా వాడిది దొర తండ్రి పేరు. తాత పేరు మనవడికే కదా పెడతారు, కాబట్టి వీడు దొర చెల్లెలి కొడుకు అని నిర్ధారించుకుని "ముద్దుల మేనల్లుడు" అని పక్కన రాసుకున్నాను.

ముదీర్ రియాద్ హెడ్డాఫీసులో మీటింగులకు పోయిన వారంలో వంశవృక్షం పూర్తిచేశాను. దొర నుంచి ముదీర్ దాకా గీత ఎక్కడా తెగలేదు. పెళ్ళిళ్ళు, కొడుకులు, పొలాల పంపకాలు, అన్నిటికీ దస్తావేజు ఆధారం ఉంది. మేనత్తలందరినీ దొర పక్కన వరసగా, తలా ఒక గడిలో, పిల్లలతో సహా కూర్చోబెట్టాను. డ్రాయింగు నంబరు ఇచ్చి, రివిజన్ సున్నా అని రాసి, ప్లాటర్‌లో అన్నిటికంటే పెద్ద కాగితం మీద ప్రింటు తీసి మీటింగు గది గోడకు అతికించాను. పెళ్ళిపందిరి లాగా కళకళలాడిపోయింది.

వెల్డింగ్ రిపోర్టులు ఇవ్వడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు దాన్ని చూసి ఆగాడు. తమ ఊరివైపు పేర్లని గుర్తుపట్టినట్టున్నాడు, కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికి వెళ్ళాడు. "విడో ఆంట్" అని నేను ఇంగ్లీషులో రాసిన మేనత్తల గడులు ఒక్కొక్కటీ వేలుపెట్టి చదివాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీ పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా మర్యాదకు నేనూ నవ్వాను. చూస్తూ చూస్తూ ఆయన నవ్వు ఆగిపోయింది.

"మేడమ్, ఈ ఆడవాళ్ళు ఆవుల పక్కన ఎందుకు ఉన్నారో ఆలోచించలేదా?" అన్నాడు.

"లేఖరికి పద్ధతి తెలియక."

"వాడికి బాగా తెలుసు. వీళ్ళు మేనత్తలు కారు, దొర కొనుక్కున్న మనుషులు. ఆవుల్ని పంచినట్టే కూతుళ్ళకు పంచాడు. ఆ ముక్క నానిపోయిన మొదటి పేజీలో ఉండుంటుంది. విడుదలయ్యాక మావాళ్ళు చాలామంది దొరల ఇంటిపేర్లే పెట్టుకున్నారు. మీరు వచ్చిన కొత్తలో అడిగారే, దాయాదులా అని. అందుకే ఆయన క్రేన్ చూశాడు."

అమెరికాలో బానిసలుండేవారని నాకు తెలియక కాదు, స్కూల్లో చదువుకున్నదే. ఆ సంగతి నా ముందు పేర్లతో, చంటిబిడ్డలతో వచ్చి నిలబడితే నేను దాన్ని దానధర్మం అనుకున్నాను. నన్ను నేను చెంపమీద కొట్టుకోవాలనిపించింది. క్షమించమని కాగితం పీకబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉంచండి. మావాళ్ళని ఆ ఇంట్లో మనుషుల వరసలో కూర్చోబెట్టిన కాగితం నేను ఇంతవరకు చూడలేదు. ఆయన్ని కూడా చూడనివ్వండి."

ఆ సాయంత్రం నాయనకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. ఆయన ఓదార్చే రకం కాదు.

"నా కడుపున పుట్టి మొదటి పేజీ సూడకుండా రెండో పేజీ సదివినావా? ఇంగ నేను మొగమెట్ల ఎత్తుకునేది పాపా?" అన్నాడు. మళ్ళీ తనే, "ఆ గుర్రం ఇచ్చిన పిల్లోని సంగతేంది? మళ్ళా సెప్పు" అన్నాడు.

చెప్పాను. గుర్రం, చదువు, దొర తండ్రి పేరు.

"ఊరికే యెవురూ గుర్రం రాయరు మ్మా. నా సర్వీసులో ఇట్లాటియి శానా రాసినా. పెండ్లాము పక్కనే కూసోని ఉంటాది, ఆయప్ప ఫలానా పిల్లోనికి రెండెకరాలు రాయమంటాడు. యెందుకని నేనూ అడగను, ఆయమ్మా అడగదు. వాడు మేనల్లుడు కాదు, కొడుకు."

రియాద్ నుంచి వచ్చిన ముదీర్‌కు మొత్తం దాచకుండా చెప్పాను, నాయన అన్న మాటతో సహా. మీ గీత మీకు సరిగ్గానే ఉంది సార్, పక్క గడులన్నీ తీసేసి రేపు రివిజన్ ఒకటి ఇస్తాను, సంఘానికి పంపేయండి అన్నాను. నిజానికి సంఘానికి కావలసింది కూడా ఆ ఒక్క గీతే. ఆయన గోడ మీది కాగితం ఊడదీసి చుట్టచుట్టుకుని తన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ పూట ఎవరినీ లోపలికి రానివ్వలేదు. పర్మిట్ల మీద సంతకాల కోసం వచ్చినవాళ్ళు నన్ను అనుమానంగా చూస్తూ పోయారు.

మర్నాడు కాగితం నా బల్ల మీద ఉంది, ఎర్ర పెన్ను దిద్దుబాట్లతో. ముదీర్ ఎప్పుడూ చదవకుండా సంతకం పెట్టే మనిషి, దిద్దడం నేను చూడటం అదే మొదలు. మేనత్తల గడులన్నీ కొట్టేసి ఉంటాడనుకుంటూ విప్పాను. ఒక్క గడి కూడా కొట్టెయ్యలేదు. "విడో ఆంట్" అన్న మాట ఉన్న ప్రతిచోటా దాన్ని కొట్టేసి "బానిస" అని రాశాడు. గుర్రం పిల్లాడి పక్కన "మేనల్లుడు" కొట్టేసి, వాడి గడి నుంచి దొర గడికి ముక్కలు ముక్కలుగా ఒక గీత గీశాడు. ఇంజినీరింగు డ్రాయింగుల్లో అలాంటి గీతకు ఒకటే అర్థం. వస్తువు అక్కడ ఉంది, మనం చూస్తున్న వైపు నుంచి కనపడదు. నేను చాలాసేపు ఆ గీత మీదే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

రివిజన్ ఒకటి అలాగే విడుదల చేశాను. సంఘానికి కూడా అదే పోయింది. జవాబు మర్యాదగా వచ్చింది. దరఖాస్తుదారు వంశం నిస్సందేహంగా రుజువైంది, అదనపు గడులు, ఆ విరిగిన గీత తీసేసి మళ్ళీ పంపితే సభ్యత్వం ఇవ్వడానికి అభ్యంతరం లేదు అని రాశారు. రివిజన్ రెండు ఎప్పుడు కావాలి సార్ అని అడిగాను. "రివిజన్ రెండు లేదు" అన్నాడు.

ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద పోయే రోజు క్యాబిన్‌లో ఖర్జూరాలు, కేకు పెట్టాం. వంశవృక్షం ప్రింటు ఒకటి ముదీర్ చంకలో ఉంది, ఇంకొకటి ఇన్‌స్పెక్టరు చేతిలో ఉంది. మూడోది మా నాయన అడిగి మరీ తెప్పించుకుని షెడ్డులో అంటించుకున్నాడు, కక్షిదారులు దాన్ని అమెరికా పాసుబుక్ అనుకుంటున్నారట. ముదీర్ నా దగ్గరికి వచ్చాడు. "నువ్వు వచ్చిన కొత్తలో ఒక ప్రశ్న అడిగావు, నేను జవాబు చెప్పలేదు" అన్నాడు. తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "నాకు తెలిసినంతవరకు, అవును."

ఇన్‌స్పెక్టరు కేకు ముక్క నములుతూ, "అయితే మా వాటా ఎంత వస్తుందో మీ నాన్నగారిని కనుక్కోండి మేడమ్" అన్నాడు. అందరం నవ్వాం. ముదీర్ కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"మా నాన్నను నిలబెట్టిన చోటే నన్నూ నిలబెట్టారు, వెనక గుమ్మం దగ్గర" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కిందికి వంగి ఆయన సూట్‌కేసు ఎత్తుకున్నాడు.

"అక్కడ మావాళ్ళు మీ తండ్రీకొడుకుల కంటే ముందు నుంచే నిలబడి ఉన్నారు. సెలవుల్లో వస్తాను, జాగా నేను చూపిస్తాను పద" అని కారు దాకా ముందు నడిచాడు.