అక్క నిలబెట్టిన ఇంజన్

మా అక్కని వీధిలో అందరూ బోరింగక్క అంటారు. ఆవిడ మాటలు బోరు కొడతాయని కాదు, ఇంజన్ సిలిండర్లకి బోరింగ్ చెయ్యడం, అంటే లోపలి గోడలు కోసి సరిచెయ్యడం ఆవిడ పని.

నిజానికి షెడ్డు మా బావది. బావ మిషను తిప్పుతుంటే అక్క పక్కన నిలబడి కొలతలు చదివేది. తర్వాత బావకి చూపు మందగించింది. మొదట కొలిచే గేజి మీద గీతలు కనపడటం మానేశాయి, కొన్నాళ్లకి గేజే కనపడటం మానేసింది. ఎవరైనా పని పట్టుకొస్తే కుర్చీలోంచే, "నన్నడక్కండి, ఆవిణ్ణి అడగండి. కొలతలు మొదట్నించీ ఆవిడవే" అనేవాడు. అలా మిషను అక్క చేతికొచ్చింది. ఆ షెడ్డులోనే ఓ మూల నా వెల్డింగు పని. అందుకే ఇదంతా నా కళ్లముందు జరిగింది.

అక్క కూతురు కొండదారి మీద జరిగే కారు పందేల్లో దిగుతుంది. ఒకచోట కుదురుగా కూర్చోదని చిన్నప్పట్నించీ దాన్ని తూనీగ అంటాం. ఆ ఏడాది కారు జోరు పెరగాలని, ఇంజన్లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో పెట్టించుకుంది. రెండో పందెంలోనే ఇంజన్ తెల్లటి పొగ కక్కి దారి మధ్యలో ఆగిపోయింది. విప్పి చూస్తే ఒక సిలిండర్ గోడ నిలువునా చీలి ఉంది. టర్బో ఒత్తిడికి ఆ పలచటి గోడలు ఆగలేదు. పోనీ సిలిండర్లన్నీ ఉండే ఆ ఇనుప దిమ్మ, అదే బ్లాకు, మార్చేద్దామంటే ఆ రకంవి ఇప్పుడు రావడంలేదు.

"పాతినప సామాన్లకి వేసేద్దామక్కా" అన్నాను.

అక్క బ్లాకు చుట్టూ ఓసారి తిరిగి వచ్చి, "నీ సలహా తర్వాత వింటాగానీ, ముందు దీన్ని బల్ల మీదకి ఎత్తు" అంది.

సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీ ఉంటుంది. గోడలు అటూ ఇటూ ఊగకుండా అందులో ఫిల్లర్ పోస్తానంది అక్క. ఇనుప రజను కలిసిన సిమెంటులాంటి పొడి అది. తూనీగ గాభరాపడింది.

"నీళ్లు తిరిగే చోట సిమెంటు పోస్తే ఇంజన్ ఉడికిపోదా అమ్మా?"

"సగం దాకానే పోస్తానే. మంట పుట్టేది పైన. అక్కడ నీళ్లు ఎప్పట్లాగే తిరుగుతాయి. నువ్వు కొండెక్కేది కాసేపేగా! ఊళ్లు తిరిగే కారైతే నేనే వద్దనేదాన్ని."

చీలికకి లోపల్నించి టేపు అంటించి, గోడకేసే సున్నంకన్నా చిక్కగా ఫిల్లర్ కలిపి, నెమ్మదిగా పోసింది. గాలి బుడగలు పైకి రావాలని చెక్క సుత్తితో బ్లాకు చుట్టూ తట్టాం. తర్వాత పైన, సిలిండర్ల చోట కన్నాలున్న మందపాటి ఇనుప పలక బిగించింది. ఇంజన్ పైమూత, అదే హెడ్డు, బిగించినప్పుడు బ్లాకు ఎంత ఒంగుతుందో ఇప్పుడూ అంతే ఒంగాలట. అలాగే గట్టిపడనిచ్చింది. రోజూ పొద్దున్నే వచ్చి దాన్ని వేలితో నొక్కి చూసి, వేరే పని మొదలెట్టేది.

అది రాయిలా అయ్యాక, అడుగున చిన్న మెట్టు వదిలి, పాత గోడల్ని వెడల్పుగా కోసింది. ఇక వాటిలో స్లీవులు దింపాలి. మా వాళ్లు లైనర్లంటారు, దళసరి ఇనుప గొట్టాలు. బ్లాకుని పొయ్యిలో వేడిచేసి, స్లీవుల్ని మంచులో పెట్టాం. వేడికి రంధ్రం విప్పారుతుంది, చలికి గొట్టం ముడుచుకుంటుంది. ఆ కాస్త తేడాలోనే పని అయిపోవాలి.

మొదటిది ఠంగుమని అడుగు మెట్టు మీద కూర్చుంది. రెండోదీ అంతే. మూడోది దిగింది గానీ చప్పుడు సరిగా లేదు.

"కూర్చోలేదు" అన్నాడు బావ కుర్చీలోంచి. "సుత్తితో రెండు దెబ్బలు వెయ్యి, దిగుతుంది."

అక్క సుత్తి అందుకుంది. మళ్లీ పక్కన పెట్టేసింది.

"దిగుతుందేమోగానీ వంకరగా దిగుతుంది. దీన్ని కోసి తీసేస్తా."

"అంత పని మళ్లీ చేస్తావా?"

"బిడ్డ కూర్చుని నడిపే బండండీ."

చల్లారాక అక్క ఆ స్లీవుని మిషను మీద పెట్టి పొట్టులా కోసేసింది. కింద మెట్టు మీద ఫిల్లర్ రేణువొకటి ఇరుక్కుని ఉంది. తుడిచి, కొత్త స్లీవు తెప్పించి దింపింది. నాలుగోదీ దిగాక, మళ్లీ పలక బిగించి లోపలంతా సానబట్టి నునుపు చేసింది. బావ నాలుగు సిలిండర్లలోనూ వేళ్లు పెట్టి, పై నుంచి కింద దాకా నిమిరి చూశాడు.

"నా చేత్తో కూడా ఇంత బాగా రాలేదు ఎప్పుడూ" అన్నాడు. అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటే అంది.

పందెం రోజు ముగ్గురం వెళ్లాం. "సిమెంటు బండి వచ్చింది రోయ్" అని పక్క జట్టువాళ్లు నవ్వారు. జెండా ఊపగానే తూనీగ దూసుకుపోయింది. మలుపుల వెనక ఇంజన్ అరుపు వినపడుతూనే ఉంది. ఎక్కడా తడబడలేదు, పైకెళ్లేకొద్దీ ఇంకా చిక్కబడింది. బావ కళ్లు మూసుకుని వింటూ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ తరగతి కార్లలో తూనీగే మొదట వచ్చింది.

అందరూ బహుమతి బల్లవైపు పరిగెడితే అక్క కారువైపు వెళ్లింది. బానెట్ ఎత్తి, నీటి వేడి చూసి, వంగి బ్లాకు కింద చెమ్మ ఉందేమోనని వెతికింది. పొడిగా ఉంది. అప్పుడు నవ్వింది. అంత హాయిగా మా అక్క నవ్వగా నేనెప్పుడూ చూళ్లేదు.

ఆ బ్లాకు ఇప్పటికీ పరిగెడుతూనే ఉంది. మొన్న తూనీగ షెడ్డుకొచ్చి తల్లి భుజం మీద గడ్డం ఆనించి, "అమ్మా, టర్బో ఒత్తిడి ఇంకొంచెం పెంచుదామా?" అంది.

"ముందు నూనె మార్చు. తర్వాత చూద్దాం" అంది అక్క. కాదని మాత్రం అన్లేదు.