పత్తి గదిలో నడక

నా చిన్నప్పుడు, ఐదో తరగతిలో ఉండగా, ఎడ్లబండి మీద నుంచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాను. మా తిరువూరు నుంచి బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆపరేషనుకు ముందు రక్తం ఎక్కించాలన్నారు. అమ్మదీ, నాన్నదీ నాకు సరిపడలేదు. సరిపడింది మా మేనత్తది. మా ఇంట్లోనే ఉంటూ చేను పనులు చూసుకునే బక్కపలచటి మనిషి ఆవిడ. ఆ రోజుల్లో మా వైపు రక్తం ఇవ్వడమంటే ఆయుష్షు తీసి ఇవ్వడమే అనుకునేవారు.

ఇంటికి వచ్చాక నాయనమ్మది రోజూ అదే గొడవ. "ఉన్న గుప్పెడు నెత్తురూ ఇచ్చొచ్చావు, ఇంకేం చేనుకు పోతావే?" అనేది కూతుర్ని. "పోతాలే అమ్మా. ముందు అన్నం పెట్టు, తిడితే నెత్తురు ఊరదు" అని అత్త నవ్వేసేది. మంచం మీద ఉన్న నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. అత్త గుమ్మంలో కాసేపు కూలబడితే చాలు, నా గుండె గుభేలుమనేది.

ఎముక అతుక్కుంది, ఇక కాలు మోపించండని డాక్టరు చెప్పాడు. నేను మోపలేదు. పడితే మళ్ళీ విరుగుతుంది, మళ్ళీ ఆపరేషను, మళ్ళీ రక్తం. ఈసారి తీస్తే అత్తలో ఏం మిగులుతుంది? ఈ మాట ఎవరికీ చెప్పలేదు. అమ్మ బతిమాలింది, నాన్న కోప్పడ్డాడు. ఇలాగే ఉంటే కాలు బిగుసుకుపోయి ఇక నడక రాదని డాక్టరు అన్నాడట. వాళ్ళిద్దరూ వసారాలో ఆ సంగతి గుసగుసలాడుకోవడం నాకు వినపడుతూనే ఉండేది. ఎటు తిరిగి పడుకున్నా భయమే.

ఒక మధ్యాహ్నం అత్త నన్ను ఎత్తుకుని పత్తి పోసిన గదిలోకి తీసుకెళ్ళింది. అమ్మకానికి ఉంచిన పత్తిని పొద్దున్నే అటూ ఇటూ గుట్టలుగా తోసి, మధ్యలో సన్నటి దారి చేసి పెట్టింది. "పడతాననేగా నీ భయం? పడు చూద్దాం. ఎటు పడ్డా పత్తే" అంది.

నేను ఏడ్చేశాను. ఏడుస్తూ మనసులో ఉన్నదంతా చెప్పేశాను. అత్త నన్ను పత్తి మీద కూర్చోబెట్టి, నిండు బస్తా ఒకటి నెత్తికెత్తుకుని ఆ గోడ దాకా వెళ్ళి వచ్చింది. "చూశావుగా? నెత్తురు మళ్ళీ ఊరుతుందని డాక్టరు అప్పుడే చెప్పాడు. మీ నాయనమ్మ మాటలు నమ్మి మంచం పట్టావటే, పిచ్చిమొహమా!"

నన్ను నిలబెట్టి చంకల కింద పట్టుకుంది. కాలు మోపాను. తుంటిలో కలుక్కుమంది. ఇంకో అడుగు వేశాక అత్త మెల్లగా పట్టు వదిలింది. నేను ఒరిగి పత్తిలో పడిపోయాను. నొప్పి ఎక్కడ మొదలవుతుందా అని ఊపిరి బిగపట్టి అలాగే ఉండిపోయాను. మొదలవలేదు. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన అమ్మ కెవ్వుమంది. అత్త మాత్రం నా జుట్టులోంచి పత్తి ఏరుతూ, "అయిందా? పడటమంటే ఇంతే. లే" అంది.

పత్తి అమ్మేదాకా రోజూ ఆ గదిలోనే నడిచాను. గది ఖాళీ అయ్యేసరికి గోడ పట్టుకుని వీధి గుమ్మం దాకా రాగలిగాను.

పెద్దయ్యాక కూడా చాలాసార్లు భయపడ్డాను, ఉద్యోగంలోనూ ఇంట్లోనూ. ఏళ్ళ తరబడి రాసిన డైరీల నిండా ఆ భయాలే. కానీ ఏ భయాన్నీ మనసులోనే ఉంచుకోను, ఎవరో ఒకరికి పైకి చెప్తాను. చెప్పేటప్పుడే అందులో సగం ఉత్తదని తేలిపోతుంది. మిగిలిన సగానికి, పడితే ఎక్కడ పడతానో ముందే చూసుకుంటాను. అప్పటికీ కాలు వణుకుతూనే ఉంటుంది. ఆ వణికే కాలునే ముందుకు వేస్తాను.