చార్టుకి బొట్టు

ఎనభైల్లో అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో ఉద్యోగం చేసేదాన్ని. ఏడాదిలో ఎందరు కస్టమర్లు చేరారో, ఎందరు పోయారో మెట్లు మెట్లుగా చూపే వాటర్‌ఫాల్ చార్టును ప్లాస్టిక్ షీటు మీద చేత్తో గీసి, మొదటిసారి మీటింగులో ప్రొజెక్టర్ మీద పెట్టాను. వంగి షీటు సర్ది తలెత్తేసరికి, తెర మీద అన్నిటికంటే పెద్ద దిగుడు మెట్టుపై గుమ్మడికాయంత నల్లటి చుక్క!

"వాటీజ్ దట్ డాట్?" అన్నాడు బాస్.

చెమట తుడుచుకోబోతే నుదురు బోసిగా తగిలింది.

"మై బొట్టు, సర్!" అనేశాను.

గదంతా ఒకటే నవ్వులు. తీయబోతే బాస్ ఆపాడు. మనం ముందు చూడాల్సింది అక్కడేనన్నాడు.

ఆ తర్వాత ఏ చార్టు పెట్టినా ఆయన మొదటి ప్రశ్న, "వేరీజ్ ద బొట్టు?"

అందుకే సొరుగులో స్కేలు పక్కనే బొట్టుబిళ్లల ప్యాకెట్టు ఉంచుకునేదాన్ని. నుదుటికొకటి, చార్టుకొకటి.