పది గుంటలకే తోలిన పెంట

త్రిపురారంలో మాకు సొంతంగా ఉన్నది పది గుంటలు, అంటే పావెకరం. దాన్ని ఆనుకొని ఉన్న మూడెకరాలు మిర్యాలగూడలో ఉండే ఒక రిటైర్డ్ సారువి. ఆరేళ్లుగా వాటిని మా ఆయన, నేను కౌలుకు చేస్తున్నాం. కాగితం లేదు, నోటిమాటే. ఆ మాట కూడా ఏ ఏటికాయేడు కొత్తగా చెప్పాలి.

ఎరువుగా వేసే పశువుల పెంట ఎండాకాలంలోనే పొలానికి తోలాలి. కాలువ నీళ్లు వదిలాక ట్రాక్టర్ దిగబడుతుంది. సారు మాత్రం ఎండలు ముదిరినా ఆ యేడు పొలం మాకిచ్చేదీ లేనిదీ తేల్చడు. ఫోన్ చేస్తే "సూద్దాం లేవయ్యా, తొందరేమున్నది" అంటాడు. ఆయనకు తొందర లేదు, నిజమే. తీరా నీళ్లు వచ్చే ముందు "సరే, చేసుకో" అంటాడు. అప్పుడిక ఏం తోలుతాం? యూరియా లాంటి మందు బస్తాలు చల్లి సరిపెట్టేవాళ్లం. ముందే తోలుదామని మా ఆయన అన్నా, వచ్చే పంట ఎవరిదో తెలియని పొలానికి మన పెంట ఎందుకని నేనే అడ్డుపడేదాన్ని.

పోయిన వేసవిలో పెంటకుప్ప వాకిట్లోకి వచ్చేసింది. సారు ఎప్పటిలాగే నాన్చాడు. విసుగొచ్చి మొత్తం మా పది గుంటలకే తోలించాను.

"గంత తోలితే చేను పడిపోతదే" అన్నాడు మా ఆయన.

"పడితే మనదే పడతది" అన్నాను.

పడింది. నల్లగా, ఏపుగా పెరిగిన వరి ఒక్క గాలివానకు చాప పరిచినట్టు పడుకుంది. పక్కన, ఎప్పటిలాగే ఆఖర్న సారు సరేనంటే మందు చల్లి వేసిన మూడెకరాలు పాలిపోయి నిలబడ్డాయి, అందులో సగం తాలే. పడిన వరిని మిషన్ ఎత్తలేకపోతే మేమే కొడవళ్లు పట్టి కోస్తున్నాం. అప్పుడొచ్చాడు సారు.

"మీ పొలానికైతే పెంట గావాలె, నాదానికి మందు సరిపోతదా? వచ్చే యేడు వేరేటోళ్లకిస్తున్న."

నాకు ఒళ్లు మండింది. "ఎండాకాలంలనే ఒక్క మాట చెప్తే గదంతా మీ పొలంలనే పడుతుండె గద సారూ! ఎందుకు చెప్పరు?"

ఆయన గొంతు తగ్గించి, "ఏండ్లకేండ్లు మీకే అని చెప్తే, రేపు మాదేనని కూసుంటరని భయమమ్మా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. బండెడు పెంట వేసేంత కూడా ఆ పొలాన్ని మాదనుకోలేకపోయాం మేము. అదే పొలాన్ని మేము లాక్కుంటామని ఆయన ఆరేళ్లుగా భయపడుతున్నాడట.