తెల్ల బలపమా, రాతి బలపమా

1978 జూలైలో నన్ను సివిల్ అసిస్టెంట్ సర్జనుగా ఆదోనికి వేశారు. వార్డు పని చాలదన్నట్టు ఆదోని, ఎమ్మిగనూరు బడుల్లో పిల్లల పరీక్ష కూడా నాకే అంటగట్టారు. కింది కనురెప్ప లాగి ఎరుపు చూడటం, పాలిపోయినవాళ్లకు ఐరన్ మాత్రలు, నులిపురుగుల మందు ఇవ్వడం, రిజిస్టరు నింపడం ఆ పని. మాది గుంటూరు వైపు. నాకు తెలియనిది లేదనుకునే వయసు. నాతో వచ్చే హెల్త్ విజిటర్ రత్నమ్మది అక్కడికి దగ్గర్లోని గోనెగండ్ల.

ఆదోనిలో ఒక బడిలో, ఐదో తరగతి చదివే షమీమ్ రెప్ప లాగితే సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. వాళ్ల నాన్న ఖాసిం పరుపులు కుట్టే మనిషి. కబురంపితే పని మధ్యలో వచ్చాడేమో, మీసాల మీద ఇంకా దూది ఉంది.

“అన్నం ముట్టదు సాబ్, బలపాలు తింటాది. నిన్న గోడ గీక్కోని తింటాంటే పట్టుకుంటిమి. మా వాడలో యా బిడ్డకూ లేదు ఈ పాడు గుణం. నలుగురూ నవ్వకముందే రేపట్నుంచి బడి మానిపిస్తా” అన్నాడు.

లెక్కల్లో ఆ పిల్లే ఫస్టని టీచరమ్మ చెప్పినా వినలేదు. షమీమ్ తలెత్తలేదు.

రక్తం తక్కువైన పిల్లలు మట్టి, సుద్ద తినడం మామూలేనని నేను చదువుకున్నదంతా అప్పజెప్పాను. ఖాసిం నమ్మలేదు. సరే, రుజువు చూపిద్దామని తరగతిలోకి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, “బలపాలు తినేవాళ్లు చెయ్యెత్తండి” అన్నాను. ఒక్క చెయ్యి లేస్తే ఒట్టు!

“సూస్తిరా సాబ్?” అన్నాడు ఖాసిం గుమ్మంలోంచి.

నా పరువు పోతే పోయింది, ఆ పిల్ల చదువు నా చేతులతోనే ముంచానే అనుకున్నాను.

రత్నమ్మ కొంగు దోపుకొని ముందుకొచ్చింది. “ఉండండి సార్. దొంగలెవరప్పా అని అడిగితే యా దొంగన్నా చెయ్యెత్తుతాడా?” అని నన్ను పక్కకు జరిపి, పిల్లల వైపు తిరిగి, “ఏమ్మా, తెల్ల బలపం రుచా, రాతి బలపం రుచా?” అంది.

“తెల్లదే!” అని ఒక మూల నుంచి అరుపు.

“కాదు, రాతిదే! తడిపితే ఇంకా బాగుంటాది!”

“వానకు తడిసిన మిద్దెమట్టి తిని సూడు, అప్పుడు సెప్పు!”

“మా అక్క ఒట్టి బియ్యం బొక్కుతాది మేడం!”

తరగతి సంతయింది. బెత్తం ఎత్తిన టీచరమ్మ దాన్ని దించి పకపకా నవ్వింది.

ఖాసిం నోరు తెరిచాడు. “యా అల్లా! వీళ్లందర్నీ మానిపిస్తే బడికి తాళమెయ్యాల గదా సాబ్!” అని, తల గోక్కుని, “సిన్నప్పుడు నేనూ గోడమట్టి నాకినోన్నే” అన్నాడు.

షమీమ్ అప్పుడు తలెత్తింది. “తెల్లదే రుచి, అబ్బా” అంది వాళ్ల నాన్నతో.

మరుసటి రోజు ఆమె బడికి వచ్చిందని టీచరమ్మ కబురు పంపింది. మాత్రలు మింగింది, బలపాలు మానింది, మరుసటి ఏడు ఆరో తరగతిలో చేరింది.

ఆ తర్వాత నేను ఏ బడిలోనూ తింటారా అని అడగలేదు, ఏది రుచి అనే అడిగాను. ఎమ్మిగనూరులో మొదటి బడిలోనే రిజిస్టరు పేజీ చాలలేదు. అంతకుముందు నేను తిరిగిన బడులన్నిటికీ, రిజిస్టరులో మట్టి, బలపాలు తినే అలవాటు రాసే గడిలో ‘లేదు’ అని నేనే రాసి సంతకం పెట్టి ఉన్నాను. వాటన్నిటికీ రత్నమ్మను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను.